‘టర్కీ మీడియా తెలిపింది’ అంటే ఎవరు తెలిపినట్టు? తెలుగు విదేశీ వార్తల డెస్కులకు బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల్లో, చానళ్లలో విదేశీ వార్తలు చూస్తున్న ఎడిటర్లకు, సబ్ ఎడిటర్లకు, రాత్రి షిఫ్టులో పేజీ పెట్టేవారికి...

నమస్కారం.

‘టర్కీ మీడియా తెలిపింది.’ మీ పేజీల్లో, స్క్రోలింగుల్లో ఈ మాట తరచూ కనిపిస్తుంది. సిరియాలో ప్రభుత్వం మారినా, నల్లసముద్రంలో ఓడల రాకపోకలు ఆగినా, ఇస్తాంబుల్‌లో రెండు శత్రు దేశాల ప్రతినిధులు ఒక బల్ల దగ్గర కూర్చున్నా వార్త చివర ఈ ముక్క ఉంటుంది. ఆ మీడియా ఎవరు? ప్రభుత్వ వార్తాసంస్థా, ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే కంపెనీ చేతిలోని పత్రికా, జైలు చూసి వచ్చిన విలేకరి నడిపే వెబ్‌సైటా? పాఠకుడికి తెలియదు. కాపీ రాసినవారికీ చాలాసార్లు తెలియదని నా అనుమానం.

ఈ లేఖ 2025 మేలోనే రాయాల్సింది. ఆపరేషన్ సిందూర్ మొదలైన మే 7 నుంచి వారం పది రోజులపాటు మన పేజీల నిండా టర్కీయే. టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్ పాకిస్తాన్‌ను వెనకేసుకొచ్చారు. మన మీదికి వచ్చిన డ్రోన్లు టర్కీలో తయారైన సోంగార్ రకానివని ప్రాథమికంగా తేలిందని 9న మన సైన్యం చెప్పింది. 14న టర్కీ ప్రభుత్వ చానల్ టీఆర్‌టీ వరల్డ్ ఎక్స్ ఖాతాను ఇక్కడ కనిపించకుండా చేశారు. 15న విమానాశ్రయాల్లో సేవలందించే టర్కీ కంపెనీ చెలెబికి భద్రతా అనుమతి రద్దయింది. ఆ కంపెనీ అప్పటికి పనిచేస్తున్న విమానాశ్రయాల్లో మన శంషాబాద్ కూడా ఉంది. దాదాపు అప్పుడే హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం టర్కీ సాంస్కృతిక సంస్థ యూనుస్ ఎమ్రేతో ఉన్న ఒప్పందాన్ని తెంచుకుంది. ఇవన్నీ మీరు రాశారు, బాగానే రాశారు. కానీ ఆ వారమంతా తెలుగు పేజీల్లో టర్కీకి ఒకే నోరు. ఎర్డోగాన్ అన్నదే టర్కీ, టీఆర్‌టీ చూపించిందే టర్కీ. కోపం రావడంలో తప్పు లేదు. అయితే ఎవరి మీద కోపంగా ఉన్నామో వారి పత్రికల్ని మామూలు రోజుల కన్నా శ్రద్ధగా చదవాల్సింది అలాంటి వారంలోనే.

నేను చెప్పదలచింది ఒకటే. టర్కీ పత్రికల్లో వచ్చే విదేశీ వార్త ఏం జరిగిందో చెప్పడం కన్నా, అంకారా, అంటే టర్కీ ప్రభుత్వం, ఏం వినిపించాలనుకుంటోందో ఎక్కువ కచ్చితంగా చెబుతుంది. అది ఎవరి నోట వచ్చిందో తెలిస్తే ఆ వార్త బంగారం. తెలియకపోతే ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టే ఉంటుంది మన పని.

మీరు ఎక్కువగా వాడే టర్కీ ప్రభుత్వ వార్తాసంస్థ అనడోలు ఏజెన్సీ నుంచే మొదలుపెడదాం. అది 1920 ఏప్రిల్ 6న పుట్టింది. అంకారాలో పార్లమెంటు కొలువుదీరింది ఆ నెల 23న. అంటే ప్రభుత్వం కన్నా పదిహేడు రోజులు పెద్దది. ఇస్తాంబుల్ అప్పటికి మిత్రరాజ్యాల సైన్యం గుప్పిట్లో ఉంది. అంకారా నుంచి జాతీయోద్యమం నడుపుతున్న ముస్తఫా కెమాల్‌కు తన మాట ప్రపంచానికి వినిపించే సాధనం కావాలి. రచయిత్రి హాలిదే ఎదిబ్, పత్రికాధిపతి యూనుస్ నాది ఆ పనికి పూనుకున్నారు. మొదటి విలేకరుల్లో అబ్దుర్ రహ్మాన్ పెషావరీ ఒకరు. పేరులోనే ఉంది ఊరు. 1912లో బాల్కన్ యుద్ధంలో గాయపడిన టర్కీ సైనికులకు వైద్యం చేయడానికి డాక్టర్ అన్సారీ బృందంతో మన ఉపఖండం నుంచి వెళ్లి, అక్కడే ఉండిపోయాడు. తర్వాత కాబూల్‌కు అంకారా రాయబారి అయ్యాడు. 1925లో ఇస్తాంబుల్ వీధిలో ఎవరో మరో నాయకుడనుకొని ఆయన్ను కాల్చి చంపారు.

ఇదంతా ఎందుకంటే, వార్తాసంస్థ వేరు, రాయబార కార్యాలయం వేరు అన్న గీత అక్కడ మొదట్నుంచీ పలచనే. విలేకరి రాయబారి కావడం ఆ సంస్థ పుట్టుకలోనే ఉంది. ఇవాళ అనడోలు పదికి పైగా భాషల్లో వార్తలిస్తుంది. సిరియా, ఇరాక్, గాజాల నుంచి దాని ఫొటోలు, వీడియోలు చాలాసార్లు పాశ్చాత్య ఏజెన్సీల కన్నా ముందు వస్తాయి. వాటిని వాడుకోవద్దని నేనెందుకంటాను? ఘటన జరిగిన చోటు, సమయం, ఎవరు ఎవరిని కలిశారు, ఎంతసేపు మాట్లాడారు, ఈ వివరాల్లో అది నమ్మదగినదే. కానీ ‘భద్రతా వర్గాలు తెలిపాయి’ అని అనడోలు రాస్తే ఆ వర్గాలు చాలావరకు గూఢచారి సంస్థ ఎంఐటీయే. ‘దౌత్య వర్గాలు’ అంటే విదేశాంగ శాఖే. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ప్రకటన వస్తే పీఐబీ ప్రకటన అనే కదా రాస్తాం. దీనికీ అంతే.

అంకారా మధ్యవర్తిగా కూర్చున్నప్పుడు మరింత జాగ్రత్త కావాలి. 2025 అక్టోబరు చివర్లో పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ ప్రతినిధులు ఇస్తాంబుల్‌లో మాట్లాడుకున్నారు. మధ్యవర్తులు టర్కీ, ఖతర్. చర్చలు కుదరాలన్న తాపత్రయం ఆ రెండు పక్షాలకన్నా మధ్యవర్తికి ఎక్కువ. అలాంటి చోట ఆతిథ్య దేశం ప్రభుత్వ ఏజెన్సీ ‘పురోగతి’ అంటే అది వార్త ఎంతో, ఆశ అంత. మనకు పాకిస్తాన్ సంగతి ముఖ్యం కాబట్టి ఆ కాపీ మన డెస్కులకు మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇక యాజమాన్యాలు. ఈ భాగం మీకు చెప్పనక్కర్లేదేమో, మన ఊళ్లోనూ పత్రికకో వ్యాపారం, చానల్‌కో పార్టీ ఉండడం చూస్తూనే ఉన్నారు. సబాహ్ పత్రిక, ఏటీవీ చానల్ 2008లో ప్రభుత్వ బ్యాంకుల అప్పుతో చాలిక్ హోల్డింగ్ చేతికి వెళ్లాయి. అప్పట్లో ఆ కంపెనీ పగ్గాలు ఎర్డోగాన్ అల్లుడు బెరాత్ అల్‌బైరాక్ దగ్గర ఉన్నాయి. 2013లో అవి కల్యోన్ గ్రూపుకు మారాయి. ఇస్తాంబుల్ కొత్త విమానాశ్రయం కట్టిన కంపెనీల్లో కల్యోన్ ఒకటి. 2018లో హుర్రియెత్, సీఎన్ఎన్ టర్క్ లాంటి పెద్ద పేర్లున్న దోగాన్ మీడియా గ్రూపు మొత్తం దెమిరోరెన్ కుటుంబానికి అమ్ముడుపోయింది. దానికీ ప్రభుత్వ బ్యాంకే అప్పిచ్చిందన్నది అక్కడ అందరూ చెప్పుకునే మాట. రోడ్లు, వంతెనలు, ఇంధనం కాంట్రాక్టుల మీద బతికే యజమాని పత్రికలో విదేశీ పేజీ ఎలా ఉంటుందో ఊహించుకోండి. సీఎన్ఎన్ అన్న మూడక్షరాలు చూసి అమెరికా చానల్ చెప్పిందనుకునే తెలుగు కాపీలు మాత్రం దయచేసి వద్దు.

ఎర్డోగాన్ విమానం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆయన విదేశాల నుంచి తిరిగి వచ్చేటప్పుడు విమానంలో ఎంపిక చేసిన కొందరు విలేకరులు, కాలమిస్టులు ఉంటారు. ప్రభుత్వాన్ని గట్టిగా విమర్శించే సంస్థలకు ఆ సీట్లు దొరకవు. గాలిలో ఉండగా ప్రశ్నలడుగుతారు, ఆయన చెబుతారు. ఆ పాఠం సరిచూసుకున్నాక విడుదలవుతుంది, మర్నాడు ఉదయం అన్ని పత్రికల్లో ఒకేసారి వస్తుంది. శీర్షికలు వేరు, లోపల వాక్యాలు అవే. టర్కీ విదేశాంగ విధానంలో పెద్ద మలుపుల్లో చాలా వాటిని ముందుగా విన్నది ఈ విమానం సీట్లలో కూర్చున్నవారే.

మనకు సంబంధించిన ఉదాహరణే ఒకటి ఉంది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20 సదస్సులో భారత్, గల్ఫ్, ఐరోపాలను కలిపే రవాణా, వాణిజ్య కారిడార్‌ను ప్రకటించారు. పటం చూస్తే దారి యూఏఈ, సౌదీ, జోర్డాన్, ఇజ్రాయెల్ మీదుగా గ్రీస్ వైపు పోతుంది. టర్కీ ఊసు లేదు. ఢిల్లీ నుంచి తిరిగి వెళుతూ ఎర్డోగాన్ విమానంలోనే అన్నారు, టర్కీ లేకుండా కారిడార్ లేదని. మర్నాటి నుంచి అక్కడి పత్రికల్లో వరసగా కథనాలు. ఇరాక్‌లోని ఫావ్ రేవు నుంచి టర్కీ సరిహద్దు దాకా ‘అభివృద్ధి మార్గం’ వేస్తామన్న ప్రాజెక్టు ఒక్కసారిగా అన్ని ఎడిట్ పేజీల మీదికి ఎక్కింది. మరుసటి ఏప్రిల్‌లో బాగ్దాద్‌లో దాని మీద సంతకాలయ్యాయి. ఢిల్లీలో మన సంబరం మీద మనం పేజీలు నింపుకుంటున్నప్పుడు, ఆ పటాన్ని ఎలా మార్చాలో ఇంకొకరు విమానంలోనే తేల్చుకున్నారు. ఆ వరసను అందుకొని తెలుగులో రాసి ఉంటే మన పాఠకుడికి ఎంత ఉపయోగపడేది!

డెస్కులో ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. విమానం పాఠం పది పత్రికల్లో వచ్చినా అది ఒకే ఆధారం. పది కాదు.

పత్రికల స్వరం మారడం చూసి దౌత్యం ఎటు మళ్లుతోందో పసిగట్టొచ్చనడానికి జమాల్ ఖషోగ్గీ ఉదంతం కన్నా పెద్ద పాఠం లేదు. 2018 అక్టోబరు 2న ఆ సౌదీ జర్నలిస్టు ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్ లోపలికి వెళ్లి మరి బయటికి రాలేదు. వారం తిరిగేసరికి సబాహ్ పత్రిక పదిహేను మంది సౌదీల పేర్లు, ఫొటోలు అచ్చేసింది. వారు దిగిన విమానాలు, బస చేసిన హోటళ్లు, లోపలి శబ్దాల రికార్డింగులలో ఏముందో రోజుకో ముక్క చొప్పున సబాహ్, యెని షఫక్ లాంటి పత్రికల్లో వచ్చేవి. ప్రపంచమంతా ‘టర్కీ మీడియా’ను ఉటంకించింది, మనమూ ఉటంకించాం. ఆ రికార్డింగులు విలేకరి కష్టపడి సంపాదించినవి కావు. గూఢచారి సంస్థ చేతిలో ఉన్నవి, కొలత ప్రకారం బయటికి వదిలినవి. రియాద్ ఒక్కో అబద్ధం ఆడినప్పుడల్లా దాన్ని కాదనే ముక్క ఒకటి మర్నాడు అచ్చయ్యేది. అలాగని అవి అబద్ధాలా? కావు. చాలావరకు తర్వాత నిజమని తేలాయి. లీకు నిజమూ కావొచ్చు, ఒక ఉద్దేశంతో వదిలిందీ కావొచ్చు. రెండూ ఒకేసారి కావొచ్చన్న సంగతి మన కాపీల్లో కనిపించదు. మనకు అయితే సంచలనం, కాకపోతే ప్రచారం.

మూడున్నరేళ్లు గడిచాయి. టర్కీలో ధరలు మండిపోతున్నాయి. అధికారిక లెక్కల్లోనే 2022 ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 70 శాతానికి చేరింది, అక్టోబరుకు 85 దాటింది. గల్ఫ్ డబ్బు కావాలి. 2022 ఏప్రిల్ 7న ఇస్తాంబుల్ కోర్టు ఖషోగ్గీ హత్య కేసు విచారణను ఆపి సౌదీకి బదిలీ చేసింది. అదే నెల 28న ఎర్డోగాన్ జెద్దాలో దిగారు. హత్యకు ఆదేశం సౌదీ ప్రభుత్వంలో పైస్థాయి నుంచే వచ్చిందని 2018లో ఒక అమెరికా పత్రికలో స్వయంగా వ్యాసం రాసిన నాయకుడు ఆయన. రోజుకో ముక్క వదిలిన పత్రికల్లో ఇప్పుడు పెట్టుబడులు, సోదరభావం, కొత్త అధ్యాయం. ఖషోగ్గీ కోసం ఎదురుచూస్తూ ఆ కాన్సులేట్ బయట నిలబడిన కాబోయే భార్య నిరసన తెలిపితే ఆ వార్త చిన్న ప్రతిపక్ష పత్రికల్లో వెతుక్కోవాల్సి వచ్చింది.

యూఏఈ సంగతీ ఇంతే. టర్కీలో 2016 జూలైలో విఫలమైన సైనిక కుట్రకు డబ్బిచ్చింది వాళ్లేనని ప్రభుత్వ అనుకూల పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. 2021 నవంబరులో అబుదాబి యువరాజు వెయ్యి కోట్ల డాలర్ల పెట్టుబడి నిధితో అంకారా వచ్చేసరికి ఆ కథ మాయమైంది. ఈజిప్ట్ అధ్యక్షుడు సిసితో మాట్లాడేదే లేదన్న ఎర్డోగాన్, 2022 నవంబరులో దోహాలో ఆయన చేయి కలిపారు, 2024 ఫిబ్రవరిలో కైరో వెళ్లారు. ఇది ముందే తెలిసే దారి ఉందా అంటే ఉంది. 2021 మార్చిలోనే ఇస్తాంబుల్ నుంచి నడిచే ఈజిప్ట్ ప్రతిపక్ష చానళ్లకు కైరో మీద విమర్శ తగ్గించమని కబురు వెళ్లింది. అధినేతలు చేతులు కలపడానికి ఇరవై నెలల ముందు యాంకర్ల గొంతులు తగ్గాయి. ఆ సూచనను పట్టుకోవడం అంతర్జాతీయ డెస్కు పని. ఎర్డోగాన్ విమానం కైరోలో దిగాక రాయడం ఎవరైనా చేస్తారు.

మౌనాన్ని కూడా చదవాలి. 2019 నుంచి ఏటా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో కశ్మీర్ ఊసెత్తిన ఎర్డోగాన్ 2024 సెప్టెంబరులో ఎత్తలేదు. అప్పుడు టర్కీ మనం సభ్యులుగా ఉన్న బ్రిక్స్ కూటమిలో చేరాలని చూస్తోంది, మరుసటి నెలలో రష్యాలోని కజాన్‌లో ఆ కూటమి సదస్సు. 2025లో మళ్లీ కశ్మీర్ వచ్చింది. వచ్చినప్పుడు మనకు బ్యానర్, రానప్పుడు సింగిల్ కాలమ్. నన్నడిగితే ఆ రానిదే పెద్ద వార్త.

ఇదంతా చదివి, ఎర్డోగాన్‌కు ముందు అక్కడి పత్రికలు స్వేచ్ఛగా, నిబ్బరంగా ఉండేవని అనుకుంటారేమో. కాదు. 1996 జనవరిలో ఏజియన్ సముద్రంలో టర్కీ తీరానికి ఏడు కిలోమీటర్ల దూరంలోని రెండు రాతి దిబ్బల కోసం నాటోలోని రెండు దేశాలు యుద్ధం అంచుకు వెళ్లాయి. గ్రీకులకు అవి ఇమియా, టర్కీకి కర్దక్. అన్నీ కలిపితే పదెకరాలుంటుంది, మేకలు తప్ప మనుషుల్లేరు. అంతకు ముందు నెలలో ఒక టర్కీ సరుకు ఓడ అక్కడ చిక్కుకుపోవడంతో ఆ రాళ్లు ఎవరివన్న ప్రశ్న విదేశాంగ శాఖల ఫైళ్లలో మొదలైంది. అది ఫైళ్లలోనే ఉండిపోయేది. గ్రీకు పత్రిక ఒకటి దాన్ని బయటపెట్టింది, పక్క దీవి మేయర్ వెళ్లి గ్రీకు జెండా ఎగరేశాడు. మర్నాడు హుర్రియెత్ విలేకరులు హెలికాప్టర్‌లో దిగి, ఆ జెండా పీకి టర్కీ జెండా పాతి, ఫొటో తీసుకొని పత్రికలో వేసుకున్నారు. వార్త రాయాల్సినవాళ్లే వార్త చేశారు. తర్వాత రెండు నౌకాదళాలు ఎదురెదురుగా నిలిచాయి, రెండో దిబ్బ మీదికి టర్కీ కమాండోలు రాత్రికి రాత్రి చేరారు, ఒక గ్రీకు హెలికాప్టర్ కూలి ముగ్గురు అధికారులు చనిపోయారు. అమెరికా రాత్రంతా ఫోన్లు చేసి ఇద్దరినీ వెనక్కి పంపింది. ఆ రోజు హుర్రియెత్‌ను ఏ ప్రభుత్వమూ ఆదేశించలేదు. సర్క్యులేషన్ పోటీ, కొత్తగా వచ్చిన ప్రైవేటు టీవీల పోటీ, దేశభక్తి అమ్ముడుపోతుందన్న నమ్మకం, అవి చాలాయి.

2025 మే 8 రాత్రి మన స్టూడియోల్లో కరాచీ రేవును తగలబెట్టిన యాంకర్లు గుర్తుకొస్తే అది నా తప్పు కాదు.

అక్కడ మరో సంప్రదాయమూ ఉంది. మిల్లియెత్ సంపాదకుడు అబ్ది ఇపెక్చీ గ్రీకులతో స్నేహం గురించి రాసేవాడు. 1979 ఫిబ్రవరి 1న ఆయన్ను ఇంటి దగ్గర కాల్చి చంపినవాడు మెహ్మెత్ అలీ ఆజా, రెండేళ్ల తర్వాత పోప్ మీద కాల్పులు జరిపిన మనిషే. ఇపెక్చీ పేరు మీద గ్రీకు, టర్కీ స్నేహానికి బహుమతి పెట్టారు. ఆయన బంధువు ఇస్మాయిల్ జెమ్ కూడా జర్నలిస్టే, టీఆర్‌టీకి అధిపతిగా చేసి, 1997లో విదేశాంగ మంత్రి అయ్యాడు. 1999 ఆగస్టులో టర్కీలో, సెప్టెంబరులో ఏథెన్స్‌లో భూకంపాలు వచ్చి రెండు దేశాల సహాయక బృందాలు ఒకరి శిథిలాల్లో ఒకరు తవ్వినప్పుడు, ఆ మూడేళ్ల కిందటి పత్రికలే స్వరం మార్చాయి, గ్రీకులకు కృతజ్ఞతలు చెబుతూ శీర్షికలు పెట్టాయి. జెమ్, గ్రీకు మంత్రి పాపాండ్రూ కలిసి ఆ వాతావరణాన్ని వాడుకున్నారు. 2023 ఫిబ్రవరి భూకంపానికి మన సైనిక ఆస్పత్రి ఇస్కెండెరున్‌లో పనిచేసినప్పుడు కూడా అలాంటి ఓ పదిహేను రోజులు నడిచాయి. ఆ తర్వాత ఆ దారిలో నడిచినవారు రెండు వైపులా లేరు.

పత్రికలు అచ్చేసిన ఒక్క లేఖతో ఒక పదవే పోయిన కథ కూడా టర్కీలో ఉంది, హైదరాబాద్‌కు అందులో చుట్టరికం ఉంది. 1923 చివర్లో ఆగాఖాన్, సయ్యద్ అమీర్ అలీ అనే ఇద్దరు భారతీయ ముస్లిం ప్రముఖులు లండన్ నుంచి టర్కీ ప్రధాని ఇస్మెత్‌కు లేఖ రాశారు, ముస్లిం ప్రపంచానికి మతపెద్దగా భావించే ఖలీఫా గౌరవం కాపాడమని. అది ప్రధాని చదవకముందే ఇస్తాంబుల్ పత్రికలు తనీన్, ఇక్‌దామ్ అచ్చేశాయి. విదేశీయుల జోక్యమంటూ అంకారా మండిపడింది. సంపాదకుల్ని ప్రత్యేక ట్రైబ్యునల్ ముందు నిలబెట్టారు. వారు నిర్దోషులుగా బయటపడ్డారు కానీ ఖలీఫా బయటపడలేదు. 1924 మార్చి 3న ఆ పదవినే రద్దు చేశారు. దేశం విడిచిన చివరి ఖలీఫాకు నెలనెలా డబ్బు పంపింది మన ఏడో నిజాం. 1931లో ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్ నిజాం పెద్ద కొడుకును పెళ్లాడి హైదరాబాద్ వచ్చింది, ఆమెతోపాటే రెండో కోడలిగా నీలోఫర్. రెడ్‌హిల్స్‌లో పిల్లల ఆస్పత్రికి ఉన్న పేరు ఆవిడదే. నేను రాస్తున్నది బహిరంగ లేఖే కాబట్టి, మీకు చేరకముందే ఎవరో అచ్చేస్తారన్న భయం నాకు లేదు.

ఇప్పుడు అక్కడ ప్రభుత్వానికి లొంగకుండా రాస్తున్నవారి గురించి. 2015 మేలో జుమ్‌హురియెత్ పత్రిక, గూఢచారి సంస్థ లారీలు సిరియాలోకి ఆయుధాలు తీసుకెళ్తున్న వీడియోను బయటపెట్టింది. సంపాదకుడు జాన్ దుందార్‌ను ఆ నవంబరులో అరెస్టు చేశారు. శిక్ష పడిన రోజే కోర్టు బయట ఆయన మీద తుపాకీ పేలింది. ఇప్పుడు జర్మనీలో ఉన్నాడు, ఆయన లేకుండానే 2020లో మరో 27 ఏళ్లకు పైగా శిక్ష వేశారు. అది విదేశీ వ్యవహారాల వార్తే, చూడండి. పక్క దేశంలో తన ప్రభుత్వం ఏం చేస్తోందో చెప్పినందుకు వచ్చిన కేసు. 2022 అక్టోబరులో తప్పుడు సమాచారం పేరిట ఒకటి నుంచి మూడేళ్ల జైలు వేసే చట్టం తెచ్చారు. అదే ఏడాది జూన్‌లో లైసెన్సు తీసుకోలేదని జర్మనీ ప్రసార సంస్థ డాయిష్ వెల్లె, అమెరికా ప్రసార సంస్థ వాయిస్ ఆఫ్ అమెరికా సైట్లు టర్కీలో తెరుచుకోకుండా ఆపేశారు. సిరియా కుర్దు నాయకుడు సాలిహ్ ముస్లింను ఇంటర్వ్యూ చేసినందుకు నెవ్‌షిన్ మెంగూ అనే యాంకర్‌కు 2025లో శిక్ష పడింది, అమలు మాత్రం నిలిపి ఉంచారు. ప్రభుత్వ ప్రకటనలు పంచే సంస్థ సోజ్జు, బిర్‌గున్, ఎవ్‌రెన్‌సెల్ లాంటి పత్రికలకు వాటిని ఆపేస్తూ వచ్చింది.

అయినా రుషెన్ చకిర్ మొదలుపెట్టిన మెడ్యాస్కోప్ ఉంది, టీ24 ఉంది, మురాత్ యెత్కిన్ అంకారా నుంచి సొంతంగా నడిపే యెత్కిన్ రిపోర్ట్ ఉంది. హ్రాంత్ దింక్‌ను 2007లో కార్యాలయం ముందే చంపినా, అర్మేనియన్ల వారపత్రిక ఆగోస్ ఆగలేదు. అర్మేనియాతో సరిహద్దు తెరుస్తారా లేదా అన్న వార్తకు ఆగోస్ చూడకుండా రాస్తే ఆ కాపీ సగమే. యెత్కిన్ రాసేవాటిలో ఇంగ్లిషువీ ఉంటాయి, భాష రాకపోవడం సాకు కాదు.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. ప్రతిపక్ష పత్రిక కదా, మన పక్షాన ఉంటుందిలే అనుకోవద్దు. సైప్రస్ మీదా, మధ్యధరా సముద్ర జలాల హక్కుల మీదా, సిరియా శరణార్థుల మీదా సోజ్జు లాంటి పత్రికలు ప్రభుత్వం కన్నా ఘాటైన జాతీయవాదం రాస్తాయి. ఎర్డోగాన్ మెత్తబడ్డాడని తిడతాయి. అధ్యక్షుణ్ని వ్యతిరేకించేవాళ్లు అంకారా విదేశాంగ విధానాన్నంతా వ్యతిరేకిస్తారనుకోవడం మన అమాయకత్వం.

పత్రికా స్వేచ్ఛ లెక్కల్లో 2025లో 180 దేశాల్లో టర్కీ 159వ స్థానంలో ఉంది. మనం 151లో. ఈ ఎనిమిది మెట్ల ఎత్తు మీద నిలబడి వాళ్లకు పాఠాలు చెప్పే పని పెట్టుకోకుండా ఉంటే మర్యాద. వాళ్లను చదివే పని పెట్టుకుందాం.

తెలుగువాడికి ఇదంతా ఎందుకంటారా? 2022 మార్చిలో పొద్దుతిరుగుడు నూనె ధర ఎందుకు పెరిగిందో మీరే రాశారు. ఆ నూనె ఉక్రెయిన్, రష్యా రేవుల నుంచి బోస్ఫరస్ మీదుగా రావాలి. ఆ జూలైలో ధాన్యం ఓడలకు దారి ఇచ్చే ఒప్పందం కుదిరింది ఇస్తాంబుల్‌లోనే, ఏడాది తర్వాత ముగిసిపోయింది కూడా. ఇరాక్‌లోని ఎర్బిల్‌లో తెలంగాణ నుంచి వెళ్లిన కూలీలున్నారు. ఆ ప్రాంతపు కొండల్లో టర్కీ సైన్యం ఏళ్ల తరబడి దాడులు చేసింది. 2025 మేలో కుర్దు సాయుధ సంస్థ పీకేకే తనను తాను రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించాక అక్కడ ఏం మారుతోందో టర్కీ, కుర్దు పత్రికలు చూసినంత దగ్గరగా ఢిల్లీ ఏజెన్సీలు చూడవు. జగిత్యాల, నిజామాబాద్ జిల్లా ఎడిషన్లకు అది విదేశీ వార్త కాదు, ఊరి వార్త.

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడుకున్నవి కావు. ‘టర్కీ మీడియా’ అనకుండా సంస్థ పేరు రాయండి, దాని పక్కన ఎవరిదో రెండు మాటల్లో చెప్పండి: ప్రభుత్వ వార్తాసంస్థ, ప్రభుత్వ అనుకూల దినపత్రిక, స్వతంత్ర వెబ్‌సైట్. ఆరోపణ అయితే ఎవరి ఆరోపణో వాక్యం మొదట్లోనే పెట్టండి, చివర్లో కాదు, ఎందుకంటే స్క్రోలింగ్‌లో చివరి మాటలు కత్తిరిస్తారు. అంకారా ఒక పొరుగుదేశాన్ని తిడుతున్నా, ఒక్కసారిగా పొగుడుతున్నా అవే పత్రికలు ఆర్నెల్ల కిందట ఏం రాశాయో ఒకసారి వెతకండి. ఇప్పుడు అనువాద యంత్రాలున్నాయి, శీర్షికలు చదువుకోవడానికి అవి చాలు. ఉటంకించడానికి మాత్రం చాలవు, దానికి భాష తెలిసిన మనిషి కావాలి.

ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడన్నది అసలు చిక్కు. గచ్చిబౌలిలోని ఉర్దూ విశ్వవిద్యాలయం తెంచుకున్న ఒప్పందం కిందే అక్కడ టర్కిష్ డిప్లొమా నడిచింది. పాఠం చెప్పడానికి వచ్చిన టర్కీ అధ్యాపకుడు అప్పటికే వెళ్లిపోయారు. ఒప్పందం రద్దు వార్త మీరంతా వేశారు. ఇక ఆ భాష హైదరాబాద్‌లో ఎవరు నేర్పుతారన్న ప్రశ్న ఒక్క ఎడిట్ పేజీలోనూ నా కంట పడలేదు. చైనాతో సరిహద్దులో గొడవ పడ్డామని చైనీస్ నేర్చుకోవడం మానేశామా? టర్కీ ప్రభుత్వ సంస్థతో పని లేకుండా, ఆ భాష వచ్చిన మన ఢిల్లీ అధ్యాపకులతో ఇక్కడ ఒక కోర్సు పెట్టించడానికి మీ సంస్థల్లో ఒకటి ముందుకొచ్చినా చాలు. మీ జర్నలిజం స్కూళ్లు ఉన్నవి దేనికి?

ఈ లోగా ఒక చిన్న పని. ఎర్డోగాన్ మళ్లీ ఏదో దేశం వెళ్తారు, తిరిగొస్తూ విమానంలో మాట్లాడతారు, ఆ కాపీ మర్నాడు మీ డెస్కుకు చేరుతుంది. దాని మొదటి వాక్యంలో ‘తన వెంట విమానంలో తీసుకెళ్లిన విలేకరులతో’ అన్న మాటలు చేర్చగలరా? కుదరదంటే ఎందుకు కుదరదో మీ పత్రికలోనే రాయండి, చదువుతాను.

ఇట్లు,
మీ విదేశీ పేజీని రోజూ చదివే ఒక పాఠకుడు